ఊకదంపుడు

గుణుపురంలో ఆ వేళ నా పని
తెలుగుని ఒడియా చెయ్యడం.
మూడొందలు, మధ్యాహ్నం భోజనం.
పాత షెడ్డు పక్కన కొత్త బియ్యం మిల్లు ప్రారంభం.
ముందు వరస కుర్చీలకి ప్లాస్టిక్ కవర్లు ఇంకా విప్పలేదు.
వెనక, నేల మీద, మిల్లులో పనిచేసే ఆడవాళ్లు.

పాలకొండ నుంచి వచ్చిన మిల్లర్ల సంఘం అధ్యక్షులు
పొట్నూరు దాలినాయుడు గారు
మైకుని రెండుసార్లు గోకి
"సస్యశ్యామల వంశధారా పరీవాహక ప్రాంత
ఆబాలగోపాలానికీ..." అని ఎత్తుకున్నారు.
దించలేదు.

అనన్యసామాన్యం వచ్చింది. నభూతో వచ్చింది,
దాని వెనకే నభవిష్యతి.
"ఈ శుభ తరుణంలో" ఏడుసార్లు.
లెక్కపెట్టాను, నాకు అంతకన్నా పని లేకపోయింది.
పది నిమిషాలకోసారి ఆగి, చెమట తుడుచుకుని,
నా వైపు చూసేవారు.
నేను మైకు అందుకుని ఒడియాలో
"మిల్లు మంచిదంటున్నారు" అనేవాణ్ణి.
జనం చప్పట్లు.

వేదిక దిగుతూ నా భుజం తట్టి
"పాపం, ఒడియాకి మాటలు తక్కువ కాబోలు" అన్నారు.
"అవునండి" అన్నాను.
మూడొందలు ఇంకా చేతికి రాలేదు.

సాయంత్రం పాత షెడ్డు వెనక
ఊక గుట్ట పక్కన టీ తాగుతుంటే
బస్తాలు కుట్టే ఒడియా కుర్రాడు టుకునా అడిగాడు,
అంతసేపు ఏం చెప్పాడన్నా అని.
"ఊకదంపుడు" అన్నాను.
ఆ మాటకి ఒడియా తట్టక
విడగొట్టి చూపించాను.
ఊక అంటే తుషో.
దంపుడు అంటే రోలూ రోకలీ.
చప్పుడుంటుంది, చెమటుంటుంది,
దుమ్ము లేచి పక్కవాడు తుమ్ముతాడు,
గింజ మాత్రం రాదు.
వాడు నవ్వాడు. నేనూ నవ్వాను.
మంచి మాట. గులకరాయిలా చేతిలో ఇముడుతుంది,
ఎవరి మీదకైనా విసరొచ్చు.

"రాదని నీకెవులు సెప్పినారు?"

ఊక ఎత్తే తవిటమ్మ.
తట్ట దించలేదు. కొంగుతో మూతి తుడుచుకుంది, అంతే.

"నాను దంచినాను.
అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. రెండేళ్లు వరసగా వానల్నేవు.
సావుకారి మిల్లు ఎనకాల ఊక ఎత్తుకొచ్చి
మాయమ్మా నానూ రేత్రంతా దంచీవోలం.
పగులు దంచితే ఊరందరికీ తెలిసిపోతాది కదేటి.
తెల్లారగట్ట సేటలో పోసి సెరిగితే
గుప్పెడు నూకలు.
ఒకోనాడు గుప్పెడున్నర.
అయ్యే కాసుకు తాగినాం. బతికినాం.
నవ్వులాట కాదు బాబూ అది."

ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే
బిడ్డని తవుడికి అమ్మి, మళ్లీ కొనుక్కుని
పెట్టే పేరు ఆమెది.
తట్ట సర్దుకుని వెళ్లిపోయింది.
టుకునా గ్లాసులు కడగడానికి లేచాడు.

రాత్రి పర్లాకిమిడి బస్సులో
ఆ నలభై నిమిషాలూ చేటలో పోసుకున్నాను.
తరుణాలన్నీ మొదటి విసురుకే ఎగిరిపోయాయి.
నభూతో పోయింది.
ఆబాలగోపాలం కాసేపు కిటికీ పట్టుకుని వేలాడి
అదీ పోయింది.
కాశీనగర్ దాటాక
అడుగున ఏదో గరగరమంది.

ఇరవయ్యో నిమిషమో, ముప్పయ్యోదో.
గాలికి కాగితం ఎగిరిపోతే
దానికోసం వంగి, మైకుకి దూరంగా,
ఎవరితోనో తెలీకుండా ఆయన అన్నారు:
"మా యమ్మ ఇలాటి మిల్లులోనే తాలు సెరిగీది.
కళ్లు ఎప్పుడూ ఎర్రగుండీవి."
కాగితం దొరికింది. శుభ తరుణం మళ్లీ మొదలైంది.

అప్పుడు నేల మీద ఆడవాళ్లు,
తలకి తువ్వాళ్లు చుట్టుకుని,
దుమ్ముకి ఎర్రబడ్డ కళ్లతో
నా వైపే చూస్తున్నారు, ఏం చెప్పాడని.

మిల్లు మంచిదంటున్నారు
అన్నాను.